మారోలోప్‌ను ధైర్యపరచిన కమిటీ

మా బావ మారోలోప్ మనసు విరిగిందన్న సంగతి మొదట కనిపెట్టింది అతని భార్య లాస్మా. సరస్సు అవతల బాలిగే పట్నంలో క్వయర్ పోటీలు ముగించుకుని వచ్చిన మర్నాడు అతను ప్రార్థన చేయకుండానే అన్నంలో చెయ్యి పెట్టాడు. మర్చిపోయాడేమోనని ఆవిడ గిన్నెలు చప్పుడు చేసి గుర్తుచేసింది. అతను తలెత్తకుండా తినేసి, చెయ్యి కడుక్కుని, అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నెలలపాటు సాగింది.

రేవులో నాది కాఫీ దుకాణం. మారోలోప్ చెల్లెల్ని నేను చేసుకున్నాను. మా చర్చి క్వయర్‌కి అతను మాస్టరు, నేను వెనక వరసలో బాస్, అంటే కింది గొంతు పాడతాను. సరస్సు చుట్టూ ఉన్న ప్రతి ఊరికీ ఒక చర్చి ఉంది, ప్రతి చర్చికీ ఒక క్వయర్ ఉంది, ప్రతి క్వయర్‌కీ పక్క ఊరి క్వయర్ మీద కడుపుమంట ఉంది. ఏటా పెంతెకోస్తు పండగ దాటాక అందరం పడవలెక్కి బాలిగే వెళ్తాం. ప్రభువు మహిమ కోసమే పాడుతున్నామని మైకులో చెప్పి, కప్పు కోసం పాడతాం.

మాకు ఆ కప్పు ఎప్పుడూ రాలేదు. దానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆ కారణం పేరు తియామ్సా. చర్చి కట్టడానికి స్థలమిచ్చిన సంఘపెద్ద భార్య ఆవిడ. ఆయన పోయి చాలాకాలమైనా స్థలం మాత్రం ఆయనిచ్చిందే కదా. అందుకని పై గొంతు పాడే ఆడవాళ్ల సోప్రానో ముందు వరసలో ఆవిడ చోటు ఎవరూ కదపలేరు. ఆవిడ గొంతు పెద్దది. శ్రుతికి కాస్త పైనో కాస్త కిందో ఉంటుంది తప్ప శ్రుతిలో ఎప్పుడూ ఉండదు. పైగా అందరికన్నా ముందు ఎత్తుకుంటుంది. తన గొంతు లేకపోతే క్వయర్ మునిగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ ఏడు మారోలోప్ మమ్మల్ని బాగా సానబట్టాడు. ఉల్లి మడిలో కలుపు తీస్తూ కూడా టెనార్ పాడే మగవాళ్ల చేత పాడించాడు. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాడు. దేవుడు ఈసారి కాదనడని అతనికి ఎక్కడో నమ్మకం కుదిరింది. పోటీలో మేం నిజంగానే బాగా పాడాం, ఆవిడ తప్ప. ఫలితాలు చెప్పేటప్పుడు న్యాయనిర్ణేత మా ఊరి పేరు చదివి, మైకు దగ్గరికి లాక్కుని, సోప్రానోలో ఒకావిడ మాత్రం వేరే పడవలో ప్రయాణం చేస్తున్నట్టుందని అన్నాడు. హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది తియామ్సాయే. నవ్వి, పక్కనున్న హోత్మైదా భుజం తట్టి, బాధపడొద్దని, వచ్చే ఏటికి నేర్చుకుంటుందని అందరికీ వినపడేలా ఓదార్చింది. హోత్మైదా సండే స్కూలు టీచరు. శ్రుతి తప్పడం ఎరగని మనిషి. ఆవిడ మొహం మాడిపోయింది, కానీ ఏమీ అనలేదు. మేం ఆఖరున వచ్చాం.

తిరుగు పడవలో మారోలోప్ నాతో ఒక్క మాటే అన్నాడు.

"దేవుడికి నా పాట అక్కర్లేదంట బావా. మైకులో చెప్పేశాడు."

ఆ తర్వాత అతను క్వయర్‌కి రాలేదు, చర్చికి రాలేదు. ఉల్లి మడి గడ్డి పట్టింది. ఎవరైనా పలకరిస్తే తలూపేవాడు. చెవిలో పాట పడితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

మా సంఘానికి ప్రేమ ఎక్కువ. ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు కమిటీ వేస్తాం. సహోదరుడు మారోలోప్‌ను ధైర్యపరచు కమిటీ అని ఒకటి ఏర్పడింది. తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన బిస్మార్ అధ్యక్షుడయ్యాడు. ఏదో ఒక పదవి లేకపోతే ఆయనకి అన్నం అరగదు. హోత్మైదా కార్యదర్శి అయింది. కమిటీ చొక్కాలు ఊదారంగువా ఆకుపచ్చవా అని చాలా చర్చ జరిగి, చివరికి కమిటీకి ఊదా, ఉపకమిటీకి ఆకుపచ్చ అని తేలింది. ఉపకమిటీ అప్పటిదాకా లేదు, చొక్కాల కోసం వేశారు.

తర్వాత బ్యానరు వచ్చింది. "సహోదరుడు మారోలోప్ నిరుత్సాహము నుండి లేచును గాక" అని పెద్దక్షరాలు, పక్కన కూతురి పెళ్లిలో నవ్వుతూ తీయించుకున్న అతని ఫొటో. దాన్ని సరిగ్గా నా దుకాణానికి ఎదురుగా రేవులో కట్టారు. పడవ దిగినవాళ్లు ఆ ఫొటో చూసి, అయ్యో పాపం, ఎప్పుడు పోయాడని నన్ను అడిగేవాళ్లు. సరస్సు అవతలి ఊళ్లలో కూడా మా బావకి దిగులన్న సంగతి తెలియనివాడు లేకుండా పోయాడు.

పరామర్శలు మొదలయ్యాయి. ముందు బిస్మార్ వెళ్లాడు. మధ్యాహ్నమంతా తన మోకాలి నొప్పి గురించి చెప్పి, ఆ మోకాలి కోసం ప్రార్థన చేసి వచ్చాడు. మహిళా సమాజం వాళ్లు వెళ్లి, నీదీ ఒక కష్టమేనా అంటూ ఒకరి తర్వాత ఒకరు తమ కష్టాలు చెప్పుకున్నారు. చెబుతూ చెబుతూ ఇద్దరికి ఏడుపొచ్చింది, వాళ్లని లాస్మా ఊరుకోబెట్టింది. పాస్టరుగారు కుర్రాడు, పట్నం నుంచి కొత్తగా వచ్చాడు. అన్నిటికీ కృతజ్ఞత చెల్లించాలని చెప్పి, మా ఊళ్లో ఫోనుకి సిగ్నలు దొరకదని తనే కాసేపు వాపోయాడు. ఇలాంటి కేసుల్లో చేయి తిరిగిన ప్రసంగీకుడు ఒకాయన మేదాన్ నగరంలో ఉన్నాడు. ఆయన బిస్మార్‌కి ఫోనులోనే మందు చెప్పాడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నేను జయించాను అని గట్టిగా అనాలట. బావ ఇంట్లో ఉన్నది గడ్డం గీసుకునే చిన్న అద్దం. కమిటీ ఎదుట అతను అందులో చూసుకుని, ముక్కు వరకైతే జయించినట్టే ఉంది, మిగతా మొహం సంగతి తెలియడం లేదని చెప్పాడు. అది కోలుకుంటున్న లక్షణమని బిస్మార్ రాసుకున్నాడు.

వచ్చిన ప్రతివాళ్లకీ కాఫీ, ఉడికించిన కర్రపెండలం. పెద్దవాళ్లు వస్తే పసుపు మసాలా పెట్టిన చేప. ఒకరోజు లాస్మా నా దుకాణానికొచ్చి బల్ల మీద కూలబడింది.

"ఆయనకి ధైర్యం చెప్పడానికొచ్చినోళ్లకి వండి వండి నాకు ధైర్యం పోయింది అన్నయ్యా. నాక్కూడా ఒక కమిటీ వెయ్యమను. కాకపోతే ఆ కమిటీ వాళ్లు ఇంటిదగ్గర తినేసి రావాలి."

ఇంత చేసినా మనిషి లేవకపోవడంతో కమిటీకి పట్టుదల పెరిగింది. రెండు నిర్ణయాలు చేశారు. మొదటిది, మేదాన్ ప్రసంగీకుణ్ని పిలిచి ఒక శనివారం పెద్ద ధైర్య మహాసభ పెట్టడం. విందుకి ఒక పందిని కూడా బేరమాడి ఉంచారు. రెండోది, నిరుత్సాహానికి మూలకారణం కనుక్కోవడం. మూలకారణం అనగానే అందరూ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అప్పుడు హోత్మైదా లేచింది. బాలిగే హాలులో మింగిన మాట అన్ని నెలలూ ఆవిడ గొంతులోనే ఉంది. శ్రుతి తప్పేది తను కాదు, తియామ్సా అని చెప్పేసింది. ఎవరూ కాదనలేదు. తియామ్సాకు ఈ విషయం ప్రేమతో తెలియజేయాలని తీర్మానం అయింది. ఒక అరటిగెల తీసుకుని, ఊదా చొక్కాలతో వెళ్లి ప్రేమతో తెలియజేశారు.

ఆ వచ్చే ఆదివారం తియామ్సా చర్చికి రాలేదు. కీబోర్డు వాయించే పిల్ల పాట ఎత్తుగడ వాయించి ఆపింది. ఎవరూ పాడలేదు. మళ్లీ వాయించింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్లూ ఆవిడ తప్పుగా ఎత్తుకునేది, మేమంతా ఆవిణ్ని సరిదిద్దుతూ వెనక వెళ్లేవాళ్లం. సరిదిద్దడానికి ఎవరూ లేకపోయేసరికి మొదలెట్టడం ఎవరికీ చేతకాలేదు. చివరికి పాస్టరుగారు ఎత్తుకున్నాడు, ఆడవాళ్లకి అందనంత కిందికి. ఆ పాట చావుకి పాడినట్టు పాడి కూర్చున్నాం.

తర్వాత తెలిసింది, ఆవిడ మంచం పట్టిందని. జబ్బేమీ లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది, అన్నం ముట్టడం లేదు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఈ కొత్త కేసు తమ పరిధిలోకి వస్తుందా, వేరే కమిటీ వేయాలా అని చర్చ పెట్టింది.

నేను ఈ కబురు మారోలోప్‌కి చెప్పాలని చెప్పలేదు. ఉప్పు చేప ఇవ్వడానికి వెళ్లి, కూర్చున్నాం కదా అని మాటల్లో అనేశాను. అతను గోడ నుంచి వీపు తీశాడు.

"ఆవిడకెవరు చెప్పారు?"

"కమిటీ."

"నా పేరు మీదా?"

"నీ పేరు మీదే బావా. బ్యానరు కూడా ఉందిగా."

అతను లేచి లోపలికి వెళ్లాడు. చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. అతని కళ్లలో కోపమో సిగ్గో నాకు తెలియలేదు. లాస్మా వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనూ వెనకే నడిచాను.

తియామ్సా ఇంట్లో ఎవరూ లేరు. కోడలు కూడా కమిటీ సమావేశానికి వెళ్లింది. ఆవిడ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది, తలవైపు అరటిగెల అలాగే ఉంది. మారోలోప్ చాప చివర కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర ఆగాను.

ఎవరని ఆవిడ అడగలేదు. అడుగుల చప్పుడు బట్టే పోల్చుకున్నట్టుంది.

"నీకిప్పుడు సంతోషమేనా?" అంది గోడతోనే.

"సంతోషపడదామనే చూశాను ఇనాంగ్. అవలేదు," అన్నాడు. అమ్మలాంటి ఆవిణ్ని మావైపు ఇనాంగ్ అంటారు.

తర్వాత ఆవిడ ఇటు తిరిగింది. మొహం పీక్కుపోయి ఉంది.

"నా గొంతు నిజంగా అంత పాడుగా ఉంటుందా?"

అబద్ధమాడతాడేమోనని ఎదురుచూశాను. అది ఆడదగ్గ చోటే. కానీ శ్రుతి విషయంలో మా బావకి అబద్ధం రాదు.

"ఉంటుంది," అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"భయం. మీరు కొడతారని."

ఆవిడ నోటి చివర ఏదో కదిలింది, నవ్వు మాత్రం కాదు. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు పోయిన ఏడు నోట మాట రాకుండా పోయిందట ఆవిడకి. చర్చిలో పాడుతుంటేనే మళ్లీ వచ్చిందట. ఆ గొంతే మీ అందరికీ అడ్డమైతే నేను దేవుడికేమిచ్చేది అని అడిగింది. ఇంక ప్రార్థన కూడా రావడం లేదంది. ఒకటి చెయ్యమని అతన్ని అడిగింది.

మారోలోప్ నేల చూశాడు. బాలిగే నుంచి వచ్చాక తానూ ప్రార్థన చెయ్యలేదని, తన నోట రాదని చెప్పాడు.

"ఇద్దర్లో ఎవరో ఒకరం మొదలెట్టాలి కదయ్యా," అంది తియామ్సా. "నన్నేమో ముందు ఎత్తుకోవద్దని చెప్పారు."

అతను కళ్లు మూసుకున్నాడు. బయట కోళ్లు నేల కెలుకుతున్న చప్పుడు వినపడుతోంది. నేను కూడా టోపీ తీసి పట్టుకున్నాను. చివరికి మొదలెట్టాడు.

"ప్రభువా, నాకు నీ మీద కోపంగా ఉంది. నీకు తెలుసు. ఇన్నాళ్లూ నీతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా నా కోసం రాలేదు. ఈవిడ అన్నం మానేసింది. ఈవిడ గొంతు నువ్విచ్చిందే. నా చెవులూ నువ్విచ్చినవే. రెండూ ఒకే ఊళ్లో ఎందుకు పెట్టావో నాకు అర్థం కాలేదు. ఈవిణ్ని లేపు. నన్ను కూడా లేపు. నాకు చేతకావడం లేదు."

అంతే. ఆమెన్ అనడం కూడా మర్చిపోయాడు. తియామ్సాయే అంది, అదీ వీధిలోకి వినపడేలా. అప్పుడు మా బావ ఏడ్చాడు. ముసలావిడ లేచి కూర్చుని, అతని వీపు రాసి, గెలలోంచి ఒక పండు తెంపి అతనికిచ్చి, తనొకటి ఒలుచుకుంది.

అప్పుడేమనిపించిందని తర్వాత ఒకసారి బావని ఉల్లి మడి గట్టు మీద అడిగాను. అప్పటికి మడిలో గడ్డి తీసేశాడు. అంతకుముందు ప్రభువా అనుకున్నప్పుడల్లా మైకు పట్టుకున్న ఆ న్యాయనిర్ణేతే కళ్లముందు నిలబడేవాడట, ఏం చెప్పినా మార్కులు తగ్గిస్తున్నట్టు. ఆ రోజు చాప మీద వాడు లేడట. తనకి అటుపక్కన ఎవరో వచ్చి కూర్చుని, అడ్డురాకుండా, తొందరపెట్టకుండా వింటున్నట్టు అనిపించిందట. ఏమీ చెప్పలేదు బావా, విన్నాడంతే, అన్నాడు. ఇంతకుమించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

తియామ్సా ఇంటికి వెళ్లిన మర్నాడే మారోలోప్ క్వయర్ ప్రాక్టీసుకి వచ్చాడు. వెంట తియామ్సా ఉంది. ఆవిణ్ని తనకి ఎదురుగా, హోత్మైదా పక్కనే నిలబెట్టుకుని, తన ఎడమ చెయ్యి పైకి లేచేదాకా నోరు తెరవద్దని చెప్పాడు. హోత్మైదా అలిగింది. సరిగ్గా పాడే పిల్ల పక్కనుంటేనే ఆవిడకి శ్రుతి అందుతుందని అతను నచ్చజెప్పాక, అది పొగడ్తో శిక్షో తేల్చుకోలేక ఒప్పుకుంది. తియామ్సా కూడా ఆ పిల్లకి క్షమాపణ చెప్పింది. బాలిగేలో నవ్వినందుకు కాదు, కమిటీ తెచ్చిన అరటిపళ్లు మరీ పచ్చిగా ఉన్నాయని అందరితో అన్నందుకు.

ఇదంతా చూసి ఊరు సంతోషించింది, కమిటీ తప్ప. మహాసభ ఇంకా జరగలేదు. ప్రసంగీకుడికి పడవ టిక్కెట్టు కొన్నారు, పందికి మసాలా నూరారు, చొక్కాలు ఇస్త్రీ చేయించారు. ఎవరి కోసమైతే ఇదంతా పెట్టారో ఆ మనిషి ఉల్లి మడిలో ఈల వేస్తున్నాడు. బిస్మార్ నా దుకాణంలో మారోలోప్‌ని పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు.

"మారోలోప్, నువ్వు లేచావు, దేవుడికి స్తోత్రం. నేను కాదనను. కానీ ఆ శనివారం దాకా కాస్త ఓర్చుకో. ఈ నాలుగు రోజులు మళ్లీ ఆ అరుగు మీద కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?"

మారోలోప్ ఆలోచించి, పొద్దుటి పూట ఉల్లికి నీళ్లు పెట్టుకోవాలని, సాయంత్రాలైతే కూర్చుంటానని ఒప్పుకున్నాడు. మాట ప్రకారం కూర్చున్నాడు కూడా. అవతలి ఊరి నుంచి వచ్చినవాళ్లకి ఉపకమిటీ అతన్ని దూరం నుంచి చూపించింది.

మహాసభ ఘనంగా జరిగింది. మేదాన్ ప్రసంగీకుడు తెల్ల బూట్లతో వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, నిరుత్సాహం అన్న మాటని నిఘంటువులోంచే చింపేశానని చెప్పాడు. చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత మారోలోప్‌ని పైకి పిలిచి, విజయ సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చాడు. మా బావ మైకుని కాస్త అనుమానంగా చూసి, దూరంగా పట్టుకున్నాడు.

"నాకు సగం బాగైంది," అన్నాడు. "మిగతా సగం ఇంకా ఉంది. పొద్దున ఉల్లికి పురుగు కనపడితే మళ్లీ ఆయన మీద కోపమొచ్చింది. ఆ సంగతి ఆయనకే చెప్పాను. ఇదివరకు చెప్పేవాణ్ని కాదు. తేడా అదే."

ప్రసంగీకుడు మైకు తీసుకుని, ఈ సహోదరుడు సంపూర్ణ విజయం పొందాడని అనువదించాడు. మళ్లీ చప్పట్లు కొట్టాం. వెనక వరసలో ఒకావిడ మాత్రం కొట్టలేదు. కొడుకు జాడ తెలియక ఏడాదిగా చర్చికి దూరంగా ఉన్నావిడ. భోజనాల దగ్గర ఆవిడ మారోలోప్ పక్కన వచ్చి కూర్చుంది. సగం బాగవడానికి ఏం చేశావయ్యా అని మెల్లగా అడగడం విన్నాను. అతను తినడం ఆపి ఆవిడతో చాలాసేపు మాట్లాడాడు. అవతల వేదిక దగ్గర పెద్దమనిషికి గౌరవంగా పెట్టే పంది దవడ భాగం అధ్యక్షుడిదా ప్రసంగీకుడిదా అని కమిటీ రెండుగా చీలింది. ఆ గొడవ తర్వాత బిస్మార్‌కి మనస్తాపం కలిగి వారం రోజులు గడప దాటలేదు. మారోలోప్ వెళ్లి ఆయన మోకాలి సంగతి మొత్తం విన్నాడు.

మళ్లీ ఏడు బాలిగే వెళ్లాం. తియామ్సా మారోలోప్ ఎడమ చెయ్యి చూసే ఎత్తుకుంది. మొదటి చరణం శ్రుతికి దగ్గరగానే నడిచింది. రెండో చరణంలో ఆవిడ ఆనందం ఆగక కళ్లు మూసుకుంది. దాంతో చెయ్యి కనపడలేదు. ఆఖరు నుంచి రెండో స్థానం వచ్చింది. ఆఖరున వచ్చిన క్వయర్ పడవ చెడిపోయి అసలు రానేలేదు.

తిరుగు పడవలో మారోలోప్ మొహం వాడిపోయి ఉంది. లాస్మా నా వైపు చూసింది. బిస్మార్ గొంతు సవరించుకుని ఏదో ప్రతిపాదించబోతే హోత్మైదా ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టింది. మారోలోప్ లేచి పడవ వెనక అంచుకి వెళ్లి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నీటి చప్పుడులో మాటలు వినపడలేదు కానీ చేతులు ఊపుతున్నాడు, తల అడ్డంగా ఆడిస్తున్నాడు. ఒకసారి వేలు కూడా చూపించాడు. దేవుడితో గట్టి తగాదాయే పెట్టుకున్నట్టున్నాడు. మేమెవరం అటు వెళ్లలేదు. చాలాసేపటికి చేతులు దించి, నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత వచ్చాడు. గాలి చల్లగా ఉందని లాస్మా శాలువా లాక్కుని కప్పుకున్నాడు. కూర్చుని, రెండో చరణంలో బాస్ వాళ్లు ఏమైపోయారని, నా పక్కనే బాస్ పాడే బిస్మార్‌ని అడిగాడు. పాడామన్నాడు బిస్మార్. పాడలేదన్నాడు మారోలోప్. నేను కూడా పాడానని ఒట్టు పెట్టబోయాను. నీ నోరు తెరుచుకుంది కానీ అందులోంచి ఏమీ రాలేదని నాతో అన్నాడు. ఆ వాదన మా ఊరి రేవు కనపడేదాకా సాగింది.